రెండో దిమ్మ

ఈ బరువు మోయడం మొదలుపెట్టినప్పుడు నా మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు మీసమే లేదు. బరువు మాత్రం అలాగే ఉంది.

నా పేరు రాయను. జగిత్యాల వైపు వాణ్ణి అనుకోండి, చాలు. బడికి వెళ్లింది తక్కువ, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. నోరు మాత్రం మంచిది. కరెంటు పోతే ఇంట్లో పిల్లలంతా నా చుట్టూ చేరి "తాతా, మస్కట్ కథ" అంటారు. సీబ్ బజారులో మేక ఒకటి అరబ్బు తలగుడ్డ నమిలిన కథ, సముద్రం ఒడ్డున చేపలు ఎండేసిన వాసనకు కొత్తగా వచ్చినవాడు కళ్లు తిరిగి పడిన కథ, అన్నీ చెప్పాను. ఏ పండక్కి రూములో ఏ కూర మాడిందో కూడా నాకు గుర్తే. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఆ మాట దాచడానికే మిగతా కథలన్నీ అంత బాగా చెప్పానా? ఈమధ్య ఆ అనుమానం పట్టుకుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో సంగతి. మస్కట్ అంటే అప్పుడు ఇన్ని మేడలు లేవు. సముద్రం వెంబడి కొత్తగా వేసిన నల్ల రోడ్డు ఒకటి, దాన్ని దాటితే అంతా రాళ్లు. అల్ హైల్లో ఆ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అదే మా వర్క్‌షాపు. యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. నేను అక్కడ వెల్డరును, కొంత మెకానిక్కును. వెనకాల ఒకే రూములో మేము ముగ్గురం, ఒకే ఊరివాళ్లం. రాజలింగం అర్బాబ్ పికప్పు నడిపేవాడు. వయసులో నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. గంగారాం మేస్త్రీ, ఏ ఊళ్లో పని ఉంటే ఆ ఊరికి వెళ్లేవాడు, రూములో ఉన్నన్ని రోజులూ వంట ఆయనదే.

అర్బాబ్‌కు సూర్‌లో ఇళ్లు కట్టే పని దొరికింది. సూర్‌కు అప్పుడు సరైన రోడ్డు లేదు. వాదీల గుండా పోవాలి. వాదీ అంటే వాన పడితే తప్ప నీళ్లుండని రాళ్ల వాగు. పికప్పు పొట్ట రాళ్లకు గీసుకుని ప్రతిసారీ ఏదో ఒకటి ఊడివచ్చేది. అందుకని నేను బండిని ఎత్తాను. వెనక ఇరుసుకూ కమాను పట్టీలకూ నడుమ ఇనుప దిమ్మ పెట్టి, పొడుగాటి యూ బోల్టులతో రెంటినీ కలిపి బిగిస్తే బండి లేస్తుంది. ముందువైపు పట్టీలు ఎక్కువ వేస్తే సరిపోతుంది. ఒక్క దిమ్మతో బండి బాగానే వెళ్లింది. అర్బాబ్ ఇంకా ఎత్తమన్నాడు. దిమ్మ మీద ఇంకో దిమ్మ పెట్టాను.

దిమ్మ మీద దిమ్మ పెట్టకూడదు. ఈ పని తెలిసిన ఎవరికైనా అది తెలుసు. నాకూ తెలుసు.

కానీ బండి అంత ఎత్తున నిలబడితే చూడటానికి ఎంత బాగుండేదో! రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. వేరే అర్బాబ్‌లు తమ బండ్లు తోలుకొచ్చారు. రాజలింగం నాకు ఇంజినీర్ అని పేరు పెట్టాడు. వెక్కిరింపే, కానీ ఆ పిలుపు వినడానికి నాకు చెవి కోసుకునేంత ఇష్టంగా ఉండేది. ఇది గుర్తుంచుకోండి.

ఇలా ఎత్తిన బండ్లు మలుపుల్లో పక్కకు పడటం మొదలైంది. పోలీసులు కట్టడి పెట్టారు. ఇంతవరకే ఎత్తాలి, అంతకు మించితే బండి ఆపేస్తామన్నారు. తనిఖీ చోట ఒక బలూచీ పోలీసు ఉండేవాడు. పొడుగ్గా, చీపురుపుల్లలా. ఆయన దగ్గర తెల్ల రంగు వేసిన కర్ర, దాని మీద ఎర్ర గీత. కర్రను బండి వెనక నిలబెట్టేవాడు. బంపరు గీత కిందే ఉంటే పో అనేవాడు, గీత దాటితే తాళం తీసుకునేవాడు. ఒక్క దిమ్మ ఉంటే బండి గీత కిందే ఉంటుంది. రెండోది పెడితే దాటుతుంది.

మేమేం చేశామంటే, మొదటిసారి షెడ్డులో పనివాళ్లందరినీ బండి వెనక తొట్టిలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. బరువుకు కమాను కుంగి బంపరు గీత కిందికి వచ్చింది. గంగారాం అందరికంటే లావు, ఆయన్ను సరిగ్గా చివర కూర్చోబెట్టాను.

"గంగారాం మామా, ఊపిరి బిగవట్టకు. ఇడిచిపెట్టు, బరువెక్కుతవ్" అన్నాడు రాజలింగం.

"నేనేమన్న మనిషిననుకున్నవార? మీకు రాయి దొరకక నన్ను తెచ్చుకున్నరు" అన్నాడు గంగారాం. తొట్టిలో అందరూ నవ్వు ఆపుకోలేక పళ్లు బిగపట్టారు. బలూచీ పోలీసు మమ్మల్ని ఒకసారి, కర్రను ఒకసారి చూసి, ఏమీ అనకుండా పంపించాడు.

మళ్లీసారికి ఆయనకు అర్థమైంది. "సబ్ నీచే ఉతరో" అన్నాడు. అందరూ దిగారు. మేము దిగుతుంటే బండి మెల్లగా పైకి లేచింది, ఒంటె మోకాళ్ల మీద నుంచి లేచినట్టు. గీత దాటేసింది. తాళం ఆయన చేతికి పోయింది. అర్బాబ్ నా మీద అరిచాడు. ఇంకోసారి తాళం పోతే నిన్ను బొంబాయి విమానం ఎక్కిస్తా అన్నాడు.

అప్పటి నుంచి నేను ఇంకో దారి పట్టాను. తనిఖీకి పిలుపు రాగానే రెండో దిమ్మ తీసేసేవాణ్ణి. గీత కింద చూపించి తెచ్చాక మళ్లీ పెట్టేవాణ్ణి. తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. యూ బోల్టు అన్నది ఒకసారి బిగించి విప్పితే మళ్లీ వాడకూడదు, మరలు అరిగిపోతాయి. కొత్తవి కావాలంటే అర్బాబ్‌ను అడగాలి. అడిగితే పాతవేమయ్యాయంటాడు. పాతవే మళ్లీ మళ్లీ వాడుతున్నానని చెప్పాలి. నేను అడగలేదు. పోలీసు కర్రను మోసం చేస్తున్నాననుకున్నాను. నిజానికి ఎవరిని మోసం చేస్తున్నాను? కర్రకేం తెలుసు? గీత గీసినవాళ్లు మా వంటి వాళ్ల ప్రాణాల కోసమే గీశారని నాకప్పుడు తట్టనేలేదు. అది ఒక ఆట అనుకున్నాను, గెలుస్తున్నాననుకున్నాను.

ఆ రోజు పొద్దున తనిఖీ అయింది. మధ్యాహ్నం రెండో దిమ్మ ఎక్కించాను. ఎడమవైపు చివరి నట్టు బిగిస్తుంటే, బాగా బిగిసిందనుకున్న నట్టు ఒక్కసారి వదులై వట్టిగా తిరిగింది. పానా పట్టిన చేతికి అది తెలుస్తుంది. పన్ను కదిలినప్పుడు నాలుకకు తెలిసినట్టు. బోల్టు మరల చుట్టూ సన్నని తీగ చుట్టి ఎలాగో ఎక్కించాను. ఇలా ఎత్తిన బండిని బరువుతో ఒకసారి తిప్పి తెచ్చాక నట్లు మళ్లీ బిగించడం మా పనిలో తప్పనిసరి. రాజలింగానికి ఆ సంగతి నేనే నేర్పాను. ఆయన ఆ సాయంత్రం మత్రా రేవు దాకా పోయి సిమెంటు బస్తాలు ఎక్కించుకొచ్చి, బండి షెడ్డు ముందు పెట్టి పడుకున్నాడు. తెల్లవారి సూర్ ప్రయాణం. ఆయన లేచేసరికి బిగించి ఉంచుతానన్నాను.

తెల్లవారింది. బండి కిందికి దూరాను. పానా పెట్టాను. ఆ నట్టు చేత్తో తిప్పినా తిరిగేలా ఉంది. అది బిగించేది కాదు, మార్చాల్సింది. కాసేపు అలాగే వెల్లకిలా పడుకుని దాన్నే చూశాను. బయట అర్బాబ్ వచ్చి కుర్చీ వేసుకుని కహ్వా, అదే వాళ్ల కాఫీ, తాగుతున్న చప్పుడు వినిపించింది. నేను బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, పానాను పెట్టెలో పెట్టేశాను.

గంగారాం అప్పటికే తన తాపీ, చద్దిమూట పట్టుకుని వెనక బస్తాల మీద కూర్చున్నాడు. రాజలింగం తల దువ్వుకుంటూ వచ్చాడు.

"ఏం ఇంజినీర్ సాబ్, నీ ఒంటె తయారేనా?"

"తయారే అన్నా."

"సూడు మామా, ఇంజినీర్ సాబ్ మొకం గట్లున్నదేంది? రాత్రి నీ పప్పు తిని పండలేనట్టున్నడు."

"నా పప్పుకు పేరు పెట్టిండంటే దిగి నడిచి పోత నేను" అన్నాడు గంగారాం పైనుంచి.

రాజలింగం నవ్వి, బండి ఎక్కబోతూ ఆగాడు. వంగి వెనక చక్రం వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అప్పుడు ఆ గొంతులో వెక్కిరింపు లేదు.

"తమ్మీ, నట్లు మల్ల బిగిచ్చినవా?"

"బిగిచ్చిన. పో."

అంతే. రెండు మాటలు. ఆయన సరే అని తలూపి బండి ఎక్కాడు. నా మాట మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, కిందికి దూరి చూడలేదు. గంగారాం చెయ్యి ఊపాడు. దుమ్ము లేచింది. బండి రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా నేను చూస్తూ నిలబడ్డాను. ఆగమని అరవడానికి గొంతు సరిపోయేంత దూరంలోనే చాలాసేపు ఉన్నారు.

ఎందుకలా అన్నాను? చాలా ఏళ్లు నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. అర్బాబ్ అక్కడే కూర్చున్నాడు కదా, వింటాడు కదా, బొంబాయి పంపించేస్తాడు కదా, ఇంటి దగ్గర తినే నోళ్లున్నాయి కదా అని. ఈ జవాబు నన్ను చాలాకాలం నిద్రపుచ్చింది. ఒకరోజు పొలం గట్టు మీద నడుస్తుంటే ఉన్నట్టుండి తట్టింది. అర్బాబ్‌కు తెలుగు రాదు. "అన్నా, బోల్టు ఖరాబైంది, పోకు, ఏదో ఒక సాకు చెప్పి బండి ఆపు" అని నేను నవ్వు మొహంతో తెలుగులో చెప్పినా, ఆయన కహ్వా తాగుతూనే ఉండేవాడు. ఆయన ఎదుటే మేము రోజూ తెలుగులో ఆయన్నే తిట్టుకునేవాళ్లం కదా.

మరి ఎందుకు చెప్పలేదు? రాజలింగం ముందు ఇంజినీరుగానే ఉండాలనుకున్నాను. ఇంకో కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు వెతికాను. దొరకలేదు.

సాయంత్రానికి కబురు వచ్చింది. వేరే బండి డ్రైవరు తెచ్చాడు. వాదీలోకి దిగే వాలులో పికప్పు వెనక భాగం ఒక పక్కకు లాగేసిందట, బండి పక్కకు పడిపోయిందట. డ్రైవరుకు భుజం ఎముక విరిగిందట. వెనక కూర్చున్న మనిషి కాలు బండి అంచు కింద పడి నలిగిపోయిందట.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో మీకు రాయాలి. గంగారాం ఎలా ఉన్నాడని కాదు. దిమ్మ బండికే ఉందా, ఊడి వాదీలో పడిపోయిందా అని. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ అదే వచ్చింది.

మర్నాడు బలూచీ పోలీసు షెడ్డుకు వచ్చాడు. కర్ర తేలేదు. చేతిలో దిమ్మ ఉంది. నేలమీద పెట్టాడు. చిన్న దిమ్మ పెద్ద చప్పుడు చేసింది. కూర్చుని, బొటనవేలితో నా వెల్డింగు కుట్టు మీద మెల్లగా రాశాడు.

"అచ్ఛా కామ్ హై" అన్నాడు. మంచి పని అని. "ఎవరిది?"

అర్బాబ్ ఏమాత్రం తడుముకోకుండా డ్రైవరుది అన్నాడు. డ్రైవరే ఎక్కడో చేయించుకున్నాడు, తనకు తెలియదు అన్నాడు. పోలీసు ఆయన వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు. నిప్పురవ్వల మచ్చలతో నిండిన చేతులు. వెనక్కి పెట్టుకోవాలనిపించింది, పెట్టుకుంటే దొరికిపోతాననిపించింది. అలాగే వేలాడేసి నిలబడ్డాను. చెమట వేలి చివరకు జారి కింద పడటం నాకు తెలుస్తోంది.

"నువ్వేం పని చేస్తావు?"

"గేట్లు, సాబ్. కిటికీలు. బండ్ల పని నాకు రాదు."

నాకు పేరు తెచ్చిన పనిని నాకు రాదని నేనే అన్నాను. ఆయన చాలాసేపు నన్ను చూశాడు. నమ్మలేదు, అది నాకు తెలుసు. దిమ్మ తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రావాలని, ఇంకోసారి అడగాలని, ఈసారి గట్టిగా అడగాలని నేను కోరుకున్నానా? కోరుకున్నాననే రాయాలనుంది. అబద్ధం. ఆయన రాకూడదని ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను.

ఆయన రాలేదు. ఎందుకు రాలేదో ఆస్పత్రికి వెళ్లినప్పుడు తెలిసింది. రాజలింగం భుజానికి కట్టుతో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్క గదిలో గంగారాం. కాలు మోకాలి కింద తీసేశారు. ఇంకా మెలకువ రాలేదన్నారు. నన్ను చూడగానే రాజలింగం కళ్లు నిండాయి.

"దిమ్మ నేనే పెట్టుకున్న అని చెప్పిన తమ్మీ. నీ పేరు తియ్యలె."

నేను మంచం పక్కన కూర్చున్నాను.

"నువ్వు బిగిచ్చినవ్. నీ పని నువ్వు సక్కగ చేసినవ్. నేనే వాలుల బిరేకు ఆగమాగం తొక్కిన్నో ఏమో. యాదికొస్తలేదు. మామ కాలు నేనే తీసిన." కళ్లు తుడుచుకున్నాడు. "నడుమ నిన్నెందుకు గుంజుడు?"

అక్కడ చెప్పి ఉండాల్సింది. అంతకంటే సులువైన చోటు నా బతుకులో మళ్లీ రాలేదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అర్బాబ్ లేడు, పోలీసు లేడు. నేను ఆయన దుప్పటి సర్ది, "పండుకో అన్నా" అన్నాను.

రాజలింగాన్ని కొన్నాళ్లు లోపల ఉంచి, లైసెన్సు తీసుకుని ఇంటికి పంపేశారు. గంగారాం కర్రలతో వెళ్లిపోయాడు. నేను చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. బండ్లు ఎత్తడం మానేశాను, గేట్లే చేశాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసుకున్నాను, ఇంకేం లేదు.

సెలవుకు వచ్చిన మొదటిసారి రాజలింగం ఇంటికి రేడియో పట్టుకుని వెళ్లాను. ఆయన ఇంట్లో లేడు, గంగారాం వాళ్ల పొలానికి వెళ్లాడన్నారు. వెళ్లి చూస్తే రాజలింగం దున్నుతున్నాడు. తన చేను ఇంకా బీడుగానే ఉంది. ముందు గంగారాంది, తర్వాతే తనది. ఆ ఏడే కాదు, ప్రతి ఏడూ అంతే. నాట్లు, కోతలు, వడ్లు కొట్టడం, గంగారాం బిడ్డ పెళ్లికి పందిరి గుంజలు పాతడం, అన్నీ ఆయనే. స్టీరింగు మళ్లీ ముట్టుకోలేదు. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాయి, డ్రైవరు కావాలని ఇంటికి వచ్చి పిలిచారు. "నా చేతులు మంచియి గావు" అని పంపించేవాడు. గుట్టల్లో, వాగుల్లో బండిని నిండుకుండలా తీసుకుపోయిన చేతులు అవి. వాటి మీద నమ్మకాన్ని నేను తీసేసుకున్నాను. ఆయన చేయని తప్పుకు ఒళ్లు వంచి పని చేస్తుంటే, గట్టు మీద నిలబడి సిగరెట్టు తాగాను.

ఇంకొకటి ఉంది. ఇదే అన్నిటికంటే రాయడం కష్టం.

నేను కథలు చెప్పేవాణ్ణని చెప్పాను కదా. పెళ్లిళ్లలో, పందిళ్ల కింద, పిల్లలు బండి పడిన కథ చెప్పమనేవాళ్లు. రాజలింగం పక్కనే కూర్చుని ఉండేవాడు. "నువ్వే చెప్పు తమ్మీ, నీకు మంచిగొస్తది" అనేవాడు. చెప్పేవాణ్ణి. వాదీ వాలు, రాళ్లు, దుమ్ము, బండి ఊగడం, చేతులు ఊపుతూ చెప్పేవాణ్ణి. అక్కడ లేనివాణ్ణి ఉన్నట్టుగా చెప్పేవాణ్ణి. చివరికి వచ్చేసరికి, "అంతే, మా అన్న చెయ్యి తప్పింది" అనేవాణ్ణి. పిల్లలు స్టీరింగు తిప్పినట్టు చేసి పక్కకు పడి నవ్వేవాళ్లు. రాజలింగం కూడా నవ్వేవాడు, తల దించుకుని. ఎన్నిసార్లు చెప్పానో! ఒకసారి దాచితే అది భయం అనుకోవచ్చు. పందిరి కింద అందంగా చెప్పడాన్ని ఏమనాలి?

పోయిన వానాకాలం రాజలింగం పోయాడు. మేము ముగ్గురం ముసలివాళ్లం, ఇద్దరం మిగిలాం. గంగారాం కర్రల మీద వచ్చాడు. పాడె దగ్గర నిలబడి అందరూ వినేలా అన్నాడు.

"నా కాలు తీసిండు. గాని అప్పటిసంది నాకు కాళ్లయి తిరిగిండు."

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. గంగారాం నా భుజం మీద చెయ్యి వేశాడు, ఓదార్చడానికి. ఆ చెయ్యి ఎంత బరువుందో మీకెలా చెప్పను? అప్పుడూ నోరు రాలేదు. ఇది రాస్తున్న ఈ పొద్దున కూడా ఆయన మా వాకిలి ముందు నుంచి పాలకు వెళ్లాడు, "బాగున్నవా" అన్నాడు, బాగున్నా అన్నాను. రేపు ఈ కాగితాలు ఆయనకు చదివి వినిపించే ధైర్యం వస్తుందా? రాసినంత మాత్రాన వస్తుందని మీకు మాటివ్వలేను. మీరు నన్ను క్షమించడానికి మీదేమీ పోలేదు, అందుకే అడగను. క్షమించాల్సిన ఒకాయన దున్ని దున్ని వెళ్లిపోయాడు. ఇంకొకాయనకు ఏం క్షమించాలో తెలియదు.

కానీ ఆ పొద్దున, షెడ్డు ముందు, ఒక్క కాలు బండి మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి ఆయన నన్ను ఒక మాట అడిగాడు. దానికి జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికీ ఇవ్వలేదు. ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను. గుండె మీద నుంచి ఏదో కొంచెం పక్కకు జరిగింది.

"తమ్మీ, నట్లు మల్ల బిగిచ్చినవా?"

"లేదే అన్నా. బిగియ్యలె. పోకు."